అమ్మవారికి కట్టిన కంకులు

కిందటి వారం నరసింగరావుని మైకు ముందు వదిలేశాం. మెడలో బంతిపూల దండతో ఆయన భిలాయి శివారు కోహ్కాలో మీటింగు పెట్టి గర్జించాడు. ఉక్కు ప్లాంటు దుమ్ము మన గోధుమని తినేస్తోందనీ, పెద్ద ఆఫీసర్లు వచ్చి కళ్లారా చూసేదాకా ఎవరూ ఒక్క మందు చుక్క కూడా కొట్టకూడదనీ, కొడితే సాక్ష్యం పోతుందనీ చెప్పాడు. మరోదా చెరువు అవతల తలా కాస్త పొలం కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలన్నీ చప్పట్లు కొట్టాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు ఆయన తమ్ముడు తిరుమలరావు. అప్పటికే దుర్గ్ వెళ్లి మందు సీసా, వీపుకి తగిలించుకునే పంపు కొని తెచ్చుకున్న మనిషి, అన్న మాట మీద రెండింటినీ అన్నదమ్ముల ఉమ్మడి పంపుసెట్టు గదిలో ఓ మూల పడేశాడు. ఆ మీటింగు జనవరిలో. ఇప్పుడు ఫిబ్రవరి సగం దాటింది. ఆఫీసర్లు వచ్చేది ఈ రోజే.

అంతమంది ఎలా నమ్మారని అడగకండి. భిలాయిలో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవాళ్లకి దుమ్ము ఇంట్లో మనిషితో సమానం. వడియాలు పెడితే పాత చీర కప్పాలి. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. తులసాకు కోసినా కడిగే నోట్లో వేసుకోవాలి. అలాంటివాళ్లకి గోధుమాకు మీద పొడి కనబడి, రాస్తే వేలికి అంటుకుంటే, అది దుమ్ము కాక ఇంకేదో అన్న ఆలోచనే రాదు. చుట్టుపక్కల ఊళ్ల ఛత్తీస్‌గఢీ రైతులు గొడవ లేకుండా మందు కొట్టుకున్నారు. "ఆళ్లని కొట్టుకోనీండి, ఆళ్లకి ప్లాంటుతో పేచీ లేదు" అన్నాడు నరసింగరావు. పొడి ఎర్రగా లేకుండా పసుప్పచ్చగా ఎందుకుందని పక్క చేను చినబాబు అడిగితే, ఆకుపచ్చ మీద ఎర్ర దుమ్ము పడితే అలాగే కనిపిస్తుందన్నాడు. గీతలు గీతలుగా ఎందుకుందంటే, మంచునీళ్లు ఈనెల మధ్య కాలవ కట్టి దుమ్ముని అక్కడికి చేరుస్తాయన్నాడు. తెలివైనవాడు పొరబడితే అంతే. ఆ పొరపాటుకి గోడలు కట్టి సున్నం కూడా వేస్తాడు.

తిరుమలరావు సంగతి మాత్రం మరోసారి చెప్పాలి. ప్లాంటులో రిటైరవగానే సెక్టర్ 2 క్వార్టరు అప్పగించేసి, కోహ్కాలో నాలుగు గోడలు లేపాడు. పైకప్పు ఈ గోధుమ పండాకే. అంతదాకా ఆయనా, భార్య సీతాలక్ష్మీ టార్పాలిన్ కింద వండుకుని తింటున్నారు. ఈసారి చలి మామూలు చలి కాదు. ఆవిడ సంక్రాంతి ముందు పట్టిన దగ్గు ఇంకా దగ్గుతూనే ఉంది. పంట పోతే వానలకి కూడా టార్పాలినే.

ఈ మంగళవారం పొద్దున్నే నరసింగరావు భార్య పోలమ్మ పొలానికి వచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఈ ఇళ్లలో ఏ పంట పండినా మొదటి కంకులు పైడితల్లి అమ్మవారికి. "అమ్మకి పెట్టేది కడిగి పెట్టకూడదు, పుట్టినదాన్ని పుట్టినట్టే పెట్టాలి" అనేది పోలమ్మ అత్తగారు. ఆ ఊళ్లో ఆ నియమం సుఖంగా సాగింది. ఈ ఊళ్లో దుమ్ము పడని కంకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని పోలమ్మ ఓ ఉపాయం చేసుకుంది. చేను పొట్ట మీదున్నప్పుడే కొన్ని మొక్కలకి తేటగా కనిపించే రొట్టె కవర్లు తలకిందులుగా తొడిగి, కింద దారంతో వదులుగా కట్టేస్తుంది. కంకి కవరులోనే బయటికొస్తుంది. దుమ్మేదో పైన కవరు మీద పడుతుంది. ఏటా చేసే పనే.

ఆఫీసర్లు వచ్చేలోపల కంకులు ఇంటికి పట్టుకెళ్లి అమ్మవారి ముందు పెట్టేస్తే, అమ్మ తన పెనిమిటి పక్షాన నిలబడుతుందని ఆవిడ ఆశ. అందుకే కొత్త తెల్ల తువ్వాలు తెచ్చుకుంది.

మొదటి కవరు మీద ఎప్పటిలాగే ఇటుకరంగు దుమ్ము పేరుకుని ఉంది. తువ్వాలు ఓ చివరతో తుడిచింది. ఎర్రటి మరక పడింది. దారం విప్పి కవరు పైకి లాగింది. లోపల ఆకులు నిండా పసుపు. కుట్టుమిషను మీద కుట్టు వేసినట్టు ఈనెల వెంట వరసలు వరసలుగా చిన్న చిన్న చుక్కలు, చుక్కచుక్కలోంచీ పొడి. బయట ఉన్న మొక్కల కన్నా కవరులో ఎప్పుడూ తడిగా ఉన్న వీటికే ఎక్కువ పట్టింది. ఆవిడ వేళ్లు పసుపు ముద్దలో పెట్టినట్టయ్యాయి. తువ్వాలు రెండో చివరికి తుడుచుకుంది.

రెండో కవరు విప్పింది. అదే. మూడోదీ అదే.

పోలమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఒకే తువ్వాలు, ఆ చివర ఎరుపు, ఈ చివర పసుపు. కప్పినచోట దుమ్ము పడదు, అందుకేగా కప్పింది. అంటే ఈ పసుపు పైనుంచి పడింది కాదు. ఆకులోంచి పుట్టింది. చేనుకి రోగం. రోగాన్ని పట్టుకుని ఇన్నాళ్లూ సాక్ష్యం అంటూ దాచుకున్నారు.

"అమ్మా, ఇదేటి తల్లీ" అనుకుని లేచి, ఆ కంకులు తెంపి, ఓ కవరూ చేత పట్టుకుని, తువ్వాలు మడిచి, పంపుసెట్టు గది వైపు నడిచింది.

నరసింగరావు గది ముందు నులకమంచం మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని, ఆఫీసర్లతో హిందీలో ఏం మాట్లాడాలో లోలోపల అనుకుంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏటయ్యా, ఇది సూడు" అని కంకులూ కవరూ మంచం మీద పెట్టి, తువ్వాలు ఆయన ఒళ్లో పరిచింది పోలమ్మ. "ఈ ఎరుపు కవరు పైన పడినాది. ఈ పసుపు కవరు లోపల ఆకు మీదున్నాది. రెండూ ఒకటేటి?"

నరసింగరావు చూశాడు. చూసి, తువ్వాలు మడతపెట్టబోయాడు.

"కిందనించి గాలి దూరుంటాది."

"గాలి దూరితే ఎర్ర దుమ్మే దూరాల. పసుపు ఎక్కడినించి వచ్చినాది?"

"పొద్దున్నే ఏటే ఈ గోల. ఆఫీసర్లు వచ్చే యేళ. ఇంటికెళ్లు."

పోలమ్మ వెళ్లలేదు. ఆయన మొహం చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి ఆశ్చర్యం వేస్తే ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు. ఎడమ కనుబొమ్మ లేస్తుంది, "అరె" అంటాడు, చెయ్యి నెత్తిమీదికి పోతుంది. ఇప్పుడు కనుబొమ్మ లేవలేదు. చెయ్యి తువ్వాలు మీదే ఉంది, ఆ పసుపు మరకని మడతలోపలికి తోస్తోంది.

"నీకు ముందే తెల్సు" అంది.

"ఏటి తెల్సు?"

"ఇది రోగమని తెల్సు. నా మొహం సూసి కాదని సెప్పు."

ప్లాంటులో ఎంత పెద్ద అధికారి ముందైనా తడుముకోని మనిషి, తన పొలంలో తన భార్య ముందు చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"ఎప్పటినించి?"

"మీటింగు అయినాక" అన్నాడు చివరికి. "దుమ్మేనని రాయించుకుందామని దుర్గ్ ఎల్లినాను, వ్యవసాయం ఆఫీసుకి. రైల్వే గోపాలంగారి అల్లుడు లేడూ, శ్యామసుందర్, అక్కడే గదా పని. ఆకు అద్దం కింద పెట్టి సూసినాడు. పసుపు తుప్పు అన్నాడు. పీలా రతువా అంటారంట హిందీలో. ఉత్తరాది జబ్బంట, మనవేపు అరుదు, ఈయేడు చలీ మంచూ తగులుకున్నాయి గనక దిగినాదన్నాడు. ఇనపకొలిమి కాడ బతికినోణ్ణి, గడ్డికి తుప్పేటి బాబూ అని నవ్వీసినాను కూడా."

"ఇంకేటన్నాడు?"

"ఇంకేటంటాడు. వెంటనే మందు కొట్టమన్నాడు. ఒక చేన్లో ఉంచితే ఆ పొడి గాలికి లేసి పక్క చేలకి పోతాదంట. యూరియా ఎక్కువ పోసినారా అని తిట్టినాడు. వచ్చే ఏడు ఈ విత్తనం మానీసి, రోగానికి ఆగే రకం వెయ్యమన్నాడు."

"అది ఇని వచ్చి, నువ్వు ఊసెత్తలేదు."

"ఎలా ఎత్తుతానే?" నరసింగరావు గొంతు ఒక్కసారి లేచింది. "ముందురోజే గదా అంతమందిలో మైకులో అరిసినాను! దండేసినారు! రిటైరయినాక పాలబూత్ లైన్లో నన్ను వెనక్కెళ్లమన్నాడు ఎవడో. నన్ను! యూనియన్ జెండా పట్టుకుని ప్లాంటు గేటు కాడ నేను నిలబడితే షిఫ్టు ఆగిపోయేది ఒకప్పుడు. ఈ దుమ్ము పోరాటం వచ్చినాక మళ్లీ మనుషుల్లోకి వచ్చినాను. తెల్లారేసరికి వచ్చి, తప్పు, అది దుమ్ము కాదు, నాకు తెలీదు అని ఏ మొహంతో సెప్పను? ఎండ ముదిరితే దానంతటదే తగ్గుతాదని శ్యామసుందరే అన్నాడు. ఇయ్యాలో రేపో ఎండ ముదురుతాదిలే అని సూసినాను."

"ముదరలేదు."

"ముదరలేదు" అన్నాడు.

పోలమ్మ ఏడవలేదు. ఏడుపు కన్నా అసహ్యం ఎక్కువగా ఉంది ఆవిడకి, అది ఆయన మీదో, ఆయనకి అన్నం పెట్టిన తన చేతి మీదో తెలియలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఆవిడ సంసారం చేసింది. నాలుగో కాలుందని తెలిసి, ఆ కాలు దాచిపెట్టిన మనిషితో చేశానని ఇప్పుడే తెలిసింది.

"మన చేను పోతే పోనాది. నీ పెళ్లాన్ని, నేను పడతాను. తిరుమలకేటి తెల్సు? మందు కొని తెచ్చుకున్నోడి చేతులు కట్టీసినావు. ఈ గదిలోనే ఉన్నాది ఆ సీసా. రోజూ దాని పక్కనే కూకుని ఎలా టీ తాగినావయ్యా?"

"నా చేను మాత్రం బాగున్నాదేటి? నేనూ కొట్టలేదు గదా! ఆడితో పాటు నేనూ పోయినాను."

"అది గొప్పేటి? మునిగినోడు పక్కోడి మెడ పట్టుకుని మునిగి, నేనూ మునిగినాను గదా అంటే సరిపోతాదా?"

పోలమ్మ తువ్వాలు లాక్కుని మళ్లీ విప్పింది.

"ఇను. జీపు వచ్చేలోపల నీ నోటితో తిరుమలకి సెప్పు. నీకు తెల్సని సెప్పు. కొడతాడో, తిడతాడో, కాళ్లు పట్టుకో. నువ్వు సెప్పకపోతే..."

వాక్యం పూర్తి కాలేదు. గట్టు మీద తిరుమలరావు వస్తున్నాడు, నెత్తిమీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని. ఆఫీసర్లకి వెయ్యడానికి. పొలం అవతల చినబాబూ మిగతావాళ్లూ రోడ్డు పక్కన గుమిగూడి, జీపు కోసం చూస్తున్నారు.

"వదినా, పొద్దున్నే వచ్చీసినావేటి? మీ చెల్లి టీ పంపించినాది" అంటూ కుర్చీలు దించాడు. చేతిలో ఫ్లాస్కు. అప్పుడు తువ్వాలు చూశాడు. పక్కనే మంచం మీద ఉన్న కంకులూ, దారం వేలాడుతున్న కవరూ చూశాడు. మనిషి నెమ్మదే కానీ మొద్దు కాదు. కవరు తీసుకుని లోపలా బయటా వేలితో రాశాడు. రెండు వేళ్లనీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"అంటే ఇది... రోగమేటి వదినా?"

పోలమ్మ మొగుడి వైపు చూసింది. సెప్పు, అన్నట్టు. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

తిరుమలరావు ఆయన్ని మాట్లాడనివ్వలేదు. అన్న కళ్లలో నీళ్లు చూసి, అవి ఎందుకొచ్చాయో తనకి తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

"అయ్యో అయ్యో, నువ్వేటి అన్నియ్యా! ఊరుకో!" అని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మాత్రం ఏటి సేస్తావు? మనం పుట్టు రైతులమేటి? బట్టీల కాడ బతుకు తెల్లారినోళ్లం. నీకు తెలీక సెప్పినావు, నాకు తెలీక ఇన్నాను. తెలిసి సెయ్యలేదు గదా. తెలిసుంటే నువ్వు ఊరుకుంటావా? నాకు తెలీదేటి నీ సంగతి!"

ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు. నరసింగరావు తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ ఓదార్పు ఆయనకి తీయగా ఉందని పోలమ్మకి కనబడింది. ఎండలో నడిచొచ్చినవాడికి నీళ్లు దొరికినట్టు తాగుతున్నాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, అప్పుడే అనాల్సింది. ఆయన అనలేదు. ఆవిడా అనలేదు. మరిది మొహంలో ఆ వెలుగు చూస్తూ దాన్ని ఆర్పడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

తిరుమలరావు అప్పటికే లేచి చేలోకి దిగాడు. ఓ మొక్క పట్టుకుని, కంకి కిందనున్న పైఆకు వెలుగుకెత్తి చూశాడు.

"పైఆకు ఇంకా పూర్తిగా పోలేదు వదినా, సగం పచ్చగానే ఉన్నాది. గింజకి పాలు పట్టించేది ఈ ఆకేనంట, మందుల దుకాణం భయ్యా సెప్పినాడు. ఇయ్యాల కొడితే ఎంతో కొంత దక్కుతాది. అంతా కాదులే. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకుందాం." గదిలోకి దూరి పంపు బయటికి లాగాడు. దుమ్ము దులిపాడు. డబ్బాలో నీళ్లు పోసి, సీసా మూత తిప్పి, మూతతో కొలిచి మందు కలిపాడు. దగ్గే భార్యా, కప్పులేని ఇల్లూ ఆ మూతలోనే ఉన్నంత జాగ్రత్తగా ఒక్క చుక్క ఒలక్కుండా పోశాడు.

"తిరుమలా" అన్నాడు నరసింగరావు. "ఒక్క గంట ఆగు. జీపు వచ్చి ఎల్లిపోనాక కొట్టు."

పోలమ్మ తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఇంకా! ఇంకా జీపే!

తిరుమలరావు కూడా చూశాడు, మొదటిసారి, కాస్త వింతగా. "ఎందుకు అన్నియ్యా? రోగమని తెలిసినాక ఇంకా ఆళ్లకి ఏటి సూపిద్దామని?"

"అంతమంది వచ్చినారు. ఆళ్ల ముందు..."

"ఆళ్ల ముందే నిజం సెప్పీ. నవ్వితే నవ్వుతారు. నేను పక్కన నిలబడతాను. ఇద్దరం కలిసి నవ్వించుకుందాం." తిరుమలరావు పంపు వీపుకెత్తుకుని పట్టీలు బిగించుకున్నాడు.

అంతలో రోడ్డు మీద హారన్. జీపు ఆగింది. చినబాబు "సాబ్ లోగ్ ఆగయే!" అని కేక పెట్టాడు. జనం గట్టు మీదికి వచ్చేశారు. ముందు సీట్లోంచి ప్లాంటు అధికారి దిగాడు, వెనక నుంచి ఇద్దరు గుమాస్తాలు దిగారు. ఆఖరున, చేతిలో చిన్న భూతద్దంతో, ఆకుల శాంపిల్ పట్టడానికి పిలిపించిన వ్యవసాయ శాఖ మనిషి దిగాడు. పల్చటి మీసం. రైల్వే గోపాలంగారి అల్లుడు. నరసింగరావు మంచం మీంచి లేవబోయి లేవలేకపోయాడు.

తిరుమలరావు వచ్చి, చెప్పినట్టే, అన్న పక్కన నిలబడ్డాడు. రెక్క పట్టుకుని లేపి నిలబెట్టి, భుజం చుట్టూ చెయ్యి వేసి, గట్టిగా నొక్కాడు. భయపడకు అన్నట్టు.

శ్యామసుందర్ గట్టు మీద నడుస్తూనే అటూ ఇటూ చేలు చూశాడు. మొహం మాడిపోయింది. వంగి ఓ ఆకు తెంపి, అద్దం పెట్టాల్సిన అవసరం కూడా లేక పారేశాడు. నరసింగరావుని చూడగానే ఆగి, అందరూ వింటుండగా, కోపం కన్నా బాధే ఎక్కువగా అన్నాడు:

"ఏంటి మామగారూ ఇది? నెల కిందటే చెప్పాను కదా మీకు, దుమ్ము కాదు, బీమారీ, రోగం అని! ఆ రోజే మందు కొట్టండని చేతులు జోడించి చెప్పాను. మీరు సరేనని వెళ్లారు కదా. ఎవరికీ చెప్పలేదా?"

చినబాబు వంగి, శ్యామసుందర్ పారేసిన ఆకు తీసి చూసుకున్నాడు.

తిరుమలరావు చెయ్యి కొంచెంసేపు అన్న భుజం మీదే ఉండిపోయింది. తర్వాత దాన్ని తీసుకున్నాడు. వీపు మీద పంపులో నీళ్లు కదిలిన చప్పుడు వినబడింది. అన్న వైపు చూడలేదు. అరవలేదు. మెల్లగా తిరిగి, తువ్వాలు గుండెకి పట్టుకుని నిలబడ్డ పోలమ్మని చూశాడు. కోడలిగా వచ్చిన నాటి నుంచీ తనకి తల్లిలా వడ్డించిన మనిషిని.

"ఇందాక ఆణ్ణి నేను ఓదార్చినప్పుడు," అన్నాడు, "నీకూ తెల్సా వదినా?"